ఈసారి గిన్నె ఖాళీగానే ఇవ్వండి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది నెల్లూరు జిల్లా. పెళ్లయి చెన్నై వచ్చి 24 ఏళ్లయింది. మైలాపూరులో లజ్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నాం. మావారిది గిండీలో ప్రైవేటు ఉద్యోగం. అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. ఎనిమిది నెలల కిందట అత్తయ్య బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తారు. రాత్రి మూడుసార్లు నన్ను లేపుతారు. పగలు ఇంటిపని, సాయంత్రం పదిమంది పిల్లలకు లెక్కల ట్యూషన్. ఊళ్లో తమ్ముడికి వ్యాపారం దెబ్బతింది, ట్యూషన్ డబ్బుల్లోంచే అడిగినప్పుడల్లా పంపుతున్నాను. మా మరిది అంబత్తూరులో ఉంటాడు. ఆదివారం పళ్లు తెచ్చి గంట కూర్చుని వెళతాడు. పక్కింటి తమిళ మామి అప్పుడప్పుడు కుళంబో (వాళ్ల పులుసు) కూరో తెచ్చిస్తుంది. ఆ గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా, దానికోసం మళ్లీ ఏదో వండాలి. ఈమధ్య ఆవిడ గిన్నెతో వస్తుంటేనే భయం వేస్తోంది.

పొద్దున లేచేసరికే ప్రాణం ఉసూరుమంటోంది. ఓపిక పూర్తిగా అయిపోయింది. చిన్న మాటకే అమ్మాయి మీద అరుస్తున్నాను, తరవాత వంటింట్లో ఏడుస్తున్నాను. పార్కులో పరిచయమైన ఒకావిడ నన్ను చీగాంగ్ అనే చైనా శ్వాస సాధన నేర్పే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నా చెయ్యి పట్టుకు చూసి, "మీలో శక్తి అడుగంటింది, ఇంట్లోవాళ్లు లాగేసుకుంటున్నారు, మీరు ఇవ్వడం మానేయాలి" అన్నారు. ఆరు నెలల కోర్సుకు డబ్బు ముందే కట్టాలట. అక్కడ చేసిన అరగంట మాత్రం హాయిగా అనిపించింది. అత్తయ్య "మనకు సూర్యనమస్కారాలు లేవా, చైనావాళ్లవి ఎందుకు" అంటున్నారు. ఇది నిజంగా పోయిన శక్తిని తెస్తుందా? నాకోసం రోజూ అరగంట తీసుకుంటే స్వార్థం అవుతుందా?
ఒక సోదరి, చెన్నై

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తయ్యగారి తుంటి, తమ్ముడి ఇబ్బందులు, అమ్మాయి పరీక్షలు, అన్నీ బరువైనవే. అయినా నా మనసు మామి గిన్నె దగ్గరే ఆగిపోయింది. ఒకరు ప్రేమగా తెచ్చిన కూర కూడా మీకు ఇంకో పనిగా మారిపోతోందంటే, మీకోసం వచ్చేది ఏదీ మీదాకా చేరడం లేదు. గుమ్మంలోనే అప్పుగా మారిపోతోంది.

"ఓపిక అయిపోయింది" అని రాశారు. మన భాషలో ఈ మాట ఎంత లోతైనదో చూడండి. మెట్లెక్కే ఓపిక లేదంటాం, కాస్త ఓపిక పట్టమ్మా అంటాం. సత్తువకూ ఓర్పుకూ మనకు ఒకటే మాట. రెండూ ఒకే కుండలోని నీళ్లని మన పెద్దవాళ్లకు తెలుసు. మీ ఇంట్లో అందరూ మీ ఓర్పును మెచ్చుకుంటున్నారు, దానికి ఖర్చవుతున్నది మీ సత్తువ. కుండ అడుగంటితే ముందు వినిపించేది గరిటె చప్పుడే. అమ్మాయి మీద మీరు అరిచిన అరుపు అలాంటిది. దాన్నిబట్టి చెడ్డ తల్లినని తీర్పు చెప్పుకోకండి.

చీగాంగ్ సంగతి చెబుతాను, ముందు ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ వయసులో నెలసరి తప్పుతూ, వచ్చినప్పుడు ఎక్కువగా పోవడం చాలామందికి జరుగుతుంది. ఆ సంగతి మీరేమీ రాయలేదు, డాక్టరు దగ్గర మాత్రం దాచకండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే, థైరాయిడ్ మందగించి ఉంటే, బి12 తగ్గి ఉంటే, షుగర్ మొదలై ఉంటే మీరు రాసిన నీరసం, చిరాకు, ఏడుపు అన్నీ రావచ్చు. వీటిని ఏ శ్వాస సాధనా సరిచేయదు. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించి తన ఫైలు మాత్రం తెరవని ఆడవాళ్లను నేను ఎంతమందిని చూశానో చెప్పలేను.

ఏడుపు రెండు వారాలు దాటి రోజూ వస్తున్నా, దేనిమీదా ఇష్టం లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక నిద్ర. రాత్రికి మూడుసార్లు చొప్పున ఎనిమిది నెలలంటే ఏడువందల సార్లకు పైగా మీరు నిద్రలోంచి లేచారు. ఈ లెక్క మీరే వేసుకుని ఉండరు, లెక్కల టీచరు అయినా. సగం నిద్రతో బతికే మనిషికి ఏ గురువూ శక్తి పోయలేడు. అత్తయ్యగారి మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టించండి. రాత్రి అన్నిసార్లు ఎందుకు వెళ్లాల్సి వస్తోందో ఆవిడ డాక్టరునే అడగండి. మూత్రంలో ఇన్ఫెక్షనో, షుగరో, వేళతప్పి వేసుకుంటున్న బీపీ మాత్రో కారణం కావచ్చు, దానికి మందు ఉండొచ్చు. ఒక రాత్రి మీరు లేస్తే మర్నాటి రాత్రి మీవారు లేవాలి. ఆయనకు పొద్దున ఆఫీసు ఉంటుందని మీరు వెంటనే అంటారు. మీకు పొద్దున ఇల్లుంది, సాయంత్రం పదిమంది పిల్లలున్నారు.

చీగాంగ్ పోయిన శక్తిని తెస్తుందా అని అడిగారు. చీ అంటే చైనా భాషలో ఊపిరి, గాలి, ప్రాణశక్తి. గాంగ్ అంటే రోజూ చేస్తూ చేస్తూ సంపాదించుకునే నేర్పు. పేరుగా ఇది బాగా వాడుకలోకి వచ్చింది 1950లలోనే కానీ, పని మాత్రం చాలా పాతది. 1973లో చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయి సమాధుల్లో ఒక పట్టు బట్ట మీద బొమ్మలు దొరికాయి. క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధి అది. 44 మంది రకరకాల భంగిమల్లో ఒళ్లు సాగదీస్తూ, చేతులు ఎత్తుతూ ఉంటారు. అందులో ఆడవాళ్లున్నారు, మగవాళ్లున్నారు, పెద్దవయసువాళ్లూ ఉన్నారు. నాకు ఆ బొమ్మలంటే చాలా ఇష్టం. మామూలు మనుషులు మామూలుగా నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంటారు.

చీ అనేదాన్ని ఏ యంత్రమూ కొలవలేదు. కాబట్టి మీ చెయ్యి పట్టుకుని ఎంత మిగిలిందో చెప్పగలమనేవాళ్లను నేను నమ్మను. మెల్లగా కదులుతూ, లోతుగా శ్వాసిస్తూ, ధ్యాసను ఒంటి మీద నిలిపితే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఊపిరి వదలడం నెమ్మదించినకొద్దీ గుండె వేగం తగ్గుతుంది, బిగుసుకున్న మెడ, భుజాలు వదులవుతాయి, నిద్ర తేలిగ్గా పడుతుంది. అలసట మీద, నిద్ర మీద జరిగిన అధ్యయనాల్లో మేలు కనిపించింది, వాటిలో చాలావరకు చిన్నవి. మందు మానేసి ఇది చేయమని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. మీకు ఆ అరగంట హాయిగా అనిపించిందన్నది మాత్రం నిజం, దాన్ని వదులుకోవద్దు.

ఆరు నెలల డబ్బు ముందే కట్టకండి. నెలవారీగా కట్టనిచ్చే చోట, ఒళ్లు చూసి తప్పులు దిద్దే మనిషి దగ్గర ఒక నెల నేర్చుకుంటే చాలు. తరవాత ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆయన అన్న ఇంకో మాట నాకు బాధ కలిగించింది. "ఇంట్లోవాళ్లు లాగేసుకుంటున్నారు" అన్నారు కదా. ఆ మాట చెవిలో పెట్టుకుని ఇంటికెళితే రాత్రి వాకర్ పట్టుకుని మిమ్మల్ని పిలిచే ముసలావిడ మీకు దొంగలా కనిపిస్తుంది. ఆవిడ మీ దగ్గర ఏదీ దొంగిలించలేదు. బాత్రూంకి ఒంటరిగా వెళ్లాలంటే భయపడుతోంది, అంతే. ఇవ్వడం మీ స్వభావం, మానేయమంటే మీరు మానలేరు, మానక్కర్లేదు కూడా. తీసుకోవడం మానేశారు చూడండి, లోటు అక్కడుంది.

ఊపిరినే చూడండి. పీల్చకుండా వదలడం ఎవరి తరమూ కాదు. చీగాంగ్‌లో చాలా పద్ధతులు ఆ పీల్చడం, వదలడం చుట్టూనే తిరుగుతాయి. మీకు నేను చెప్పేది బా దువాన్ జిన్ అనే వరస. పేరుకు ఎనిమిది జరీపట్టు ముక్కలని అర్థం, కంచిపట్టు కట్టేవాళ్లకు నచ్చే పేరే. ఎనిమిది కదలికలు, మొత్తం పావుగంటలో అయిపోతుంది. దీని ప్రస్తావన 12వ శతాబ్దం నుంచీ ఉంది, 2003లో చైనా క్రీడాశాఖ వాళ్లు అందరూ ఒకేలా చేసేందుకు ఒక పద్ధతి ఖాయం చేశారు.

మొదట్లో ఎనిమిదీ వద్దు. ఊరికే నిలబడటంతో మొదలుపెట్టండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు బిర్రబిగించకుండా కాస్త సడలించండి. చేతులు రొమ్ము ఎత్తులో గుండ్రంగా, పెద్ద నీళ్ల బిందెను కావలించుకున్నట్టు పెట్టండి. భుజాలు కిందికి జారనివ్వండి. ధ్యాస బొడ్డుకు మూడు వేళ్ల కింద. వాళ్లు దాన్ని దాన్‌తియెన్ అంటారు, శక్తి నిలవుండే చోటని నమ్మకం. ముక్కుతోనే ఊపిరి, పొట్ట మెల్లగా ఉబ్బి తగ్గాలి, ఎక్కడా బిగబట్టకూడదు. మొదటివారం రెండు నిమిషాలు చాలు. రెండు నిమిషాలు ఏ పనీ చేయకుండా నిలబడటం మీకెంత కష్టమో మీకే తెలుస్తుంది. చేతులు పొయ్యి వైపు, ఫోను వైపు పోతుంటాయి. పోనివ్వకండి.

తరవాత ఆ ఎనిమిదింటిలో మూడోది. ఒక అరచెయ్యి ఆకాశంవైపు పైకి తోస్తుంది, రెండోది అదే సమయంలో నేలవైపు కిందికి నొక్కుతుంది. మెల్లగా రెండూ పొట్ట ముందుకు వచ్చి, చేతులు మారతాయి. పైన ఉన్నది కిందికి, కింద ఉన్నది పైకి. ఇది ప్లీహానికీ జీర్ణాశయానికీ మేలు చేస్తుందని చైనా వైద్యం అంటుంది. ఎడతెగని ఆలోచన ప్లీహాన్ని బలహీనం చేస్తుందని కూడా ఆ వైద్యమే అంటుంది. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, రాత్రంతా లెక్కలు వేసుకుంటూ పడుకునే మనిషికి పొద్దున ఆకలి వేయదని మనకూ తెలుసు. ఈ కదలికను మీరు కళ్లు మూసుకోకుండా చేయండి. ఏ చెయ్యీ ఎప్పుడూ పైనే ఉండిపోదు.

నాలుగోదానిలో నిటారుగా నిలబడి తల ఒక్కటే మెల్లగా భుజం మీదుగా వెనక్కి తిప్పి చూస్తాం. ఐదు అలసటల్నీ ఏడు గాయాల్నీ వెనక్కి తిరిగి చూడటమని దానికి పేరు. ఐదు అలసటలంటే ఎక్కువసేపు చూడటం, పడుకోవడం, కూర్చోవడం, నిలబడటం, నడవడం. ఒక్కొక్కటీ ఒంట్లో ఒక్కొక్కదాన్ని అరగదీస్తుందని వాళ్ల ప్రాచీన వైద్యుల మాట, ఎక్కువసేపు నిలబడితే ఎముకలకట. వంటింటి గట్టు ముందు గడిపిన 24 ఏళ్లు మీకు గుర్తొస్తాయి. చివరిది ఎనిమిదోది, మడమలు ఎత్తి మెత్తగా దించడం, ఏడుసార్లు. మోకాళ్లనొప్పులుంటే మెల్లగా, తల తిరిగితే వెంటనే కూర్చోవాలి. బీపీ, నడుంనొప్పి ఉంటే ముందుకు వంగేవి నేర్పేవాళ్లను అడిగే చేయండి. భోంచేసిన వెంటనే వద్దు. చెన్నై ఉక్కపోతలో తెల్లవారకముందే చేసుకుంటే ఒంటికి మేలు.

అత్తయ్యగారు సూర్యనమస్కారాలు లేవా అన్నారు, ఆవిడ అడిగిందీ సబబే. అవి చేయగలిగితే అవీ మంచివే. ఇప్పుడున్న నీరసంలో పడిలేచే ఆసనాలకంటే నిలబడి చేసేవి మీకు తేలికని నా అభిప్రాయం. ఆవిడకు ఈ కథ చెప్పండి. చైనాలో షావోలిన్ మఠానికి ధ్యానం తీసుకెళ్లిన బోధిధర్ముడు మన పక్కనున్న కాంచీపురం రాజకుమారుడని ఒక ఐతిహ్యం ఉంది. చీగాంగ్‌లో ఒక వరస ఆయన నేర్పిందేనని కూడా చెబుతారు, చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. నిజమైనా కాకపోయినా, ఊపిరికి దేశం ఏముందని పెద్దావిడ మెత్తబడొచ్చు. ఇంకా బాగుండే పని, మొదటి కదలిక కుర్చీలో కూర్చుని ఆవిడ చేతా చేయించండి. వేళ్లు పెనవేసి అరచేతులు పైకెత్తడమే కదా. ఫిజియోథెరపీ చేసేవాళ్లను ఒక మాట అడిగాకే సుమా.

మీరు లజ్ దగ్గరే ఉంటారు కాబట్టి నాగేశ్వరరావు పార్కుకే వెళుతుంటారనుకుంటాను. ఆ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన తెలుగువారే. విశ్వదాత అని లోకం పేరు పెట్టింది, అడిగినవాడికి లేదనలేదని చెబుతారు. అంత ఇవ్వగలిగింది ఎలా? 1893లో మొదలైన అమృతాంజనం డబ్బా నుంచి రాబడి వస్తూ ఉండేది. దానానికి వెనక ఒక ఊట ఉంది. ఆ చెట్ల కింద నిలబడి బిందెను కావలించుకున్నప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

ఇంట్లో పద్ధతులు మారకుండా పార్కులో పావుగంట చేస్తే నెలరోజుల్లో ఆ పావుగంట కూడా పోతుంది. అందుకే ఈ మాటలు. మా నాన్నగారు మంచాన పడిన రెండేళ్లు నేనొక్కదాన్నే అన్నీ చేశాను. మా చెల్లెలు వస్తానంటే "నీకు చిన్నపిల్లలు, నేను చూసుకుంటాలే" అనేదాన్ని. ఆయన పోయాక అది నన్ను పట్టుకుని "నాన్నకు చేసే భాగ్యం నాకు దక్కనివ్వలేదక్కా" అని ఏడ్చింది. త్యాగం చేస్తున్నాననుకున్నాను, తన వాటా నేను తీసేసుకున్నానని అప్పటిదాకా తెలియలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నిద్రపట్టదు.

మీ మరిదిగారు గంట కూర్చుని వెళతారని కాస్త నిష్ఠూరంగా రాశారు. ఆయనకు మీరు ఎప్పుడైనా పని అప్పజెప్పారా? "సాయం చేయండి" అంటే మనుషులకు ఏం చేయాలో తెలియదు. "ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రందాకా అత్తయ్య దగ్గర మీరుండండి, మందుల చీటీ ఇదిగో, మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోంచి తెండి" అని చెప్పండి. మీవారి చేతే చెప్పించండి, వాళ్ల అమ్మ కదా. ఆవిడ ఇద్దరు కొడుకుల తల్లి. మీ తోడికోడలు చేసే వంట మీ అంత బాగోకపోవచ్చు. బాగాలేదని అత్తయ్య అన్నా మీరు మళ్లీ వండకండి.

మీవారు "నువ్వు చేసినట్టు ఎవరూ చేయలేరు" అంటూ ఉండే మనిషయితే, ఆ మెప్పుకు పొంగిపోకండి. అది ప్రేమతో అన్నదే అయినా మిమ్మల్ని అక్కడే కట్టేస్తుంది. పొద్దున ఆ పావుగంట మీరు ఇంట్లో ఉండరని, కాఫీ ఆయనే పెట్టుకుని అమ్మకూ ఇవ్వాలని ముందురోజే చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు వద్దు, పాలవాడు వచ్చే వేళ చెప్పినట్టు చెప్పండి.

తమ్ముడికి పంపేది ఎంతో ఒక అంకె ఖాయం చేసుకోండి. ఇంతే పంపగలను, ఫలానా నెలదాకా పంపగలను అని వాడికీ మీవారికీ ఒకేసారి తెలియాలి. ప్రతి ఫోనుకూ మళ్లీ నిర్ణయం తీసుకోవడంలోనే సగం ఓపిక పోతుంది. అమ్మాయికి మాత్రం మీరు అరిచినందుకు సంజాయిషీ చెప్పండి, మీ ఆరోగ్యం గురించి నిజం చెప్పండి. ప్లస్ టూ పిల్ల అర్థం చేసుకుంటుంది. తను టీ పెట్టి తెస్తే కూర్చుని తాగండి. కప్పు కడగడానికి లేవకండి.

స్వార్థమా అని అడిగారు. కాదు. 24 ఏళ్లకు అరగంట అడుగుతూ కూడా భయపడుతున్న మనిషికి ఇంతకంటే ఏం చెప్పను?

మామి సంగతితో ముగిస్తాను. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదన్నది మంచి ఆచారమే. మా అమ్మ అయితే గిన్నె కడిగి అడుగున చెంచాడు పంచదార వేసి ఇచ్చేది. అంతే. ఆ ఆచారం ఎవరినీ వంకాయకూర వండమనలేదు. ఈసారి మీరు ఆ పంచదార కూడా వేయకండి. కుళంబు వేడిగా ఉండగానే అన్నంలో కలుపుకుని కూర్చుని తినండి, గిన్నె కడిగి ఖాళీగా తీసుకెళ్లి, "చాలా బాగుంది మామీ, ఈమధ్య నాకు ఒంట్లో ఓపిక ఉండటం లేదు" అని ఉన్నమాట చెప్పండి. చేతిలో ఏమీ లేకుండా ఆవిడ గుమ్మంలో నిలబడ్డప్పుడు మీకు ఒళ్లంతా ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడు పొట్టనిండా ఒక ఊపిరి తీసుకుని, మెల్లగా వదలండి. నెలరోజుల తరవాత మళ్లీ ఉత్తరం రాయండి. హిమోగ్లోబిన్ ఎంతుందో, ఆదివారాలు ఎవరు ఉంటున్నారో, మామి ఏమందో, మూడూ రాయండి.